కారులో గ్యాసు ట్యాంకు ఎక్కడ?

కే.జీ.కండిగై చుట్టుపట్ల పెట్రోలు కారును గ్యాసుకు మార్పించదలచిన మనవారు ఖర్చు మాట అడుగుటకు ముందు, ట్యాంకు ఎక్కడ బిగింతురని అడుగవలెనని మేమందుము.

డిక్కీలో వెనుక సీటునానుకొని పొడుగు ట్యాంకు పెట్టుట ఒక పద్ధతి. గ్యాసు ఎక్కువ పట్టును గాని సామానుకు చోటు పోవును. పెండ్లి సారెతోనో, ఆడికృత్తికకు పిల్లాజెల్లలతో తిరుత్తణికో బయలుదేరు కుటుంబమునకు అది ఇరకాటమే. రెండవది, గారె ఆకారపు ట్యాంకును స్టెప్నీ గుంటలో అమర్చుట. అప్పుడు స్టెప్నీ పైకి వచ్చి డిక్కీలో కూర్చుండును. దానిని ఇంటనే వదలిపోవు తెలివిపరులున్నారు. రాత్రివేళ పొలముల నడుమ టైరు పంక్చరైనపుడు వారికే తెలియును! అయినను సంసారులకు మేము చెప్పునది ఈ రెండవదే. కారు అడుగున బిగించుట మాత్రము మాకు నచ్చదు. మన మట్టిబాటల రాళ్లు తగులును.

ఈ గ్యాసు గాలికంటె బరువు. కారినచో పైకి పోక, పిల్లలు కూర్చున్నచోటనే అడుగున నిలుచును. కనుక ట్యాంకు కారు లోపలనున్నచో వాల్వులపై బిగువైన మూత, దానినుండి కారు వెలుపలికి గొట్టము ఉండితీరవలెను. ఎండకు వ్యాకోచించును గాన నూటికి 80 పాళ్లే నింపవలెను.

వంటింటి 14.2 కిలోల సిలిండరును డిక్కీలో పెట్టుట నేరము. 2000లో చట్టము సవరించి అనుమతించినది ఆమోదము పొందిన కిట్టునకే. బిగించిన పిమ్మట ఆర్.టి.ఓ. ఆఫీసులో ఆర్.సి.లో మార్పు వ్రాయించి, ఇన్సూరెన్సు వారికిని తెలుపవలెను.