ఆన్‌లైన్ కోర్సుకి డబ్బు కట్టే ముందు ఈ పరీక్ష చేయండి

ప్రకృతి వ్యవసాయం మీద ఆన్‌లైన్ కోర్సులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఫీజు కట్టి, రెండో రోజుకే "మాట తెగిపోతోంది, బొమ్మ ఆగిపోతోంది" అని మానేసేవాళ్లని చూస్తున్నాను. పాఠం అర్థంకాక కాదండి. ఫోనూ సిగ్నలూ ముందుగా చూసుకోకపోవడం వల్ల.

మొదట అడగాల్సింది, క్లాసు లైవా, రికార్డింగా? రికార్డింగ్ అయితే సిగ్నల్ ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుని తీరిగ్గా చూడొచ్చు. లైవ్ అయితేనే అసలు పరీక్ష.

ఆ పరీక్ష క్లాసు జరిగే టైముకే, మీరు కూర్చునే చోటే చేయాలి. మధ్యాహ్నం పొలం గట్టు మీద బాగా వచ్చే నెట్టు, రాత్రి 8 గంటలకి ఊరంతా ఫోన్లు పట్టుకున్నాక ఈడుస్తుంది. నాలుగు గీతలు నిండుగా ఉన్నాయని నమ్మొద్దు. గీతలు సిగ్నల్ బలాన్ని చెప్తాయి, ఆ టవరు మీద ఎంతమంది ఉన్నారో చెప్పవు. స్పీడ్ టెస్ట్‌లో కనీసం 1 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి. అదే టైముకి తెలిసినవాళ్లకి పది నిమిషాలు వీడియో కాల్ చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

తర్వాత డేటా. జూమ్‌లో గ్రూపు క్లాసు వీడియోతో గంటకి దాదాపు 1 జీబీ లాగుతుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ వేసుకుని, సాయంత్రం దాకా పిల్లలు రీల్స్ చూస్తే క్లాసు సగంలోనే అయిపోతుంది. అయిపోయాక స్పీడు మామూలుగా 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, దాంట్లో మాట కూడా సరిగ్గా వినపడదు. మీ కెమెరా ఆపేస్తే కొంత మిగులుతుంది. దశపర్ణి కషాయం తయారీ అయితే వింటూ రాసుకున్నా సరిపోతుంది. ఆకు మీద పురుగేదో, తెగులేదో గుర్తుపట్టే పాఠానికి మాత్రం బొమ్మ కావాల్సిందే.

చాలామంది వదిలేసేది జీమెయిల్. ఫోన్ కొన్నప్పుడు షాపు కుర్రాడు చేసిచ్చిన ఐడీ, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. లాగిన్, సర్టిఫికెట్ అన్నీ దానికే వస్తాయి. ఓటీపీ వెళ్లే నంబరు మీ దగ్గరుందా, హైదరాబాద్‌లో ఉన్న మీ అబ్బాయి దగ్గరుందా అని కూడా చూసుకోండి.

స్టోరేజ్ ఒక 2 జీబీ ఖాళీ చేయండి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

ఇన్ని చూశాక కూడా సిగ్నల్ అందకపోతే, రికార్డింగ్ ఇస్తారా అని డబ్బు కట్టకముందే వాట్సాప్‌లో రాయించుకోండి. రికార్డింగ్ ఇవ్వం, హాజరు ఉంటేనే సర్టిఫికెట్ అంటే ఈ బ్యాచ్ వదిలేయడమే నయం. స్పీడ్ టెస్ట్ ఎలా చేయాలో పై వీడియోలో చూపించాను.