క్యారమ్ బోర్డు కూడా ఒక అమానతే

లింగంపేటలో వర్షాకాలపు సాయంత్రాలు పిల్లలకు పెద్ద పరీక్ష. బయట బురద, లోపల ఇరుకు. అసర్ నమాజుకూ మగ్రిబ్ నమాజుకూ నడుమ ఉన్న ఆ కొద్ది సమయంలో వారి చేతులు ఏదో ఒక పనిని కోరుకుంటాయి. నిరుడు అటువంటి ఒక సాయంత్రం, ఖలీజ్‌లో పన్నెండేళ్లు కష్టపడి తిరిగివచ్చిన ఒక సోదరుడు మా మదరసాకు ఒక క్యారమ్ బోర్డును కానుకగా తెచ్చారు. ఒకే గదిలో పదిమంది సర్దుకుని బ్రతికిన రోజులలో, శుక్రవారం సెలవునాడు తమకు ఇల్లు గుర్తు రాకుండా కాపాడింది ఇదేనని ఆయన చెప్పారు.

మేము దానిని స్వీకరించాము. కాని అట్టపెట్టె విప్పలేదు. నాలుగు రోజులు అది బీరువా వెనుకనే ఉండిపోయింది. కారణం ఏమంటే, అంతకు ముందు సంవత్సరమే ఈ ఆటను నిషేధించినది మేమే.

మేము చేసిన పొరపాటు

ఒకనాడు ఒక తల్లి మా వద్దకు వచ్చి తలుపు పక్కన నిలబడి కన్నీరు పెట్టుకున్నారు. భర్త పరదేశంలో ఉన్నారు. ఆమె కుట్టుపని చేస్తూ ఈద్ బట్టల కోసం డబ్బాలో దాచిన నాలుగు వేల రూపాయలు కనిపించడం లేదు. తీసినది పదహారేళ్ల కుమారుడే. విచారించగా, ఒక దుకాణం వెనుక గదిలో క్యారమ్ ఆటకు ఇరవై, యాభై రూపాయల చొప్పున పందెం కడుతున్నారని తెలిసింది. పిల్లవాడు మొదట గెలిచాడు, ఆ తరువాత ఓడాడు. పోయినది రాబట్టుకోవాలని మళ్లీ ఆడాడు. జూదం ఎక్కడైనా నడిచే దారి ఇదే.

మాకు కోపం వచ్చింది. ఆ శుక్రవారం జుమా ప్రసంగంలో క్యారమ్ ఆటనే ముట్టవద్దని గట్టిగా చెప్పాము. ఫలితం ఏమిటి? పందెం ఆగలేదు, ఊరి చివరి షెడ్డుకు మారింది. పందెం లేకుండా ఇంట్లో చెల్లెళ్లతో ఆడుకునే పిల్లలు మాత్రం భయపడి బోర్డులు అటకెక్కించారు. ఆ బాలుడు మమ్మల్ని చూస్తే సందు మార్చి వెళ్లిపోసాగాడు. పుండు ఒకచోట ఉంటే మందు మరొకచోట రాశామని అప్పుడు అర్థమైంది. ఆటను, పందేన్ని వేరు చేసి చెప్పడం మా బాధ్యత. ఆ బాధ్యతను మేము నెరవేర్చలేదు.

ధర్మం ఎక్కడ గీత గీసింది?

దివ్యఖుర్ఆన్ సూరె మాయిదాలోని 90, 91 ఆయతులు మద్యంతో పాటు జూదాన్ని షైతాను చేష్టగా పేర్కొని, దానికి దూరంగా ఉండమని ఆజ్ఞాపించాయి. దాని వల్ల మనుషుల మధ్య పగ పుడుతుందని, అల్లాహ్ స్మరణ నుండీ నమాజు నుండీ మనిషి దూరమవుతాడని కారణం కూడా తెలిపాయి. పాచికల ఆటను దైవప్రవక్త (స) తీవ్రంగా గర్హించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

అదే సమయంలో ఇస్లాం వినోదానికి పూర్తిగా తలుపు మూయలేదు. ఈద్ రోజున అబిసీనియా వారు మస్జిదులో ఈటెలతో విన్యాసాలు చేస్తుండగా హజ్రత్ ఆయిషా (రజి) చూసేందుకు ప్రవక్త (స) అవకాశం కల్పించారు. ఆమెతో స్వయంగా పరుగు పందెంలో పాల్గొన్నారు. ఇంటికి వెళ్లి భార్యాబిడ్డలతో కలిసిపోగానే మనసు స్థితి మారిపోతున్నదని హజ్రత్ హంజలా (రజి) బాధపడినప్పుడు, దేని సమయం దానికి ఉంటుందని ఓదార్చారు.

క్యారమ్ విషయంలో పండితుల అభిప్రాయాలు ఒకటిగా లేవు. కాలం వృథా చేసే ఆట గనుక దూరంగా ఉండడమే మేలని కొందరంటారు. పాచికలలో అదృష్టమే రాజు, ఇక్కడ చేతి గురి ప్రధానం. కాబట్టి పందెం లేకుండా, నమాజు తప్పకుండా, దుర్భాషలు లేకుండా, మితంగా ఆడితే అభ్యంతరం లేదని మరికొందరంటారు. రెండు అభిప్రాయాలనూ మేము గౌరవిస్తాము. అయితే పందెం విషయంలో మాత్రం రెండో మాట లేదు. ఇరువురూ సొమ్ము ఒడ్డి, గెలిచినవాడు ఇద్దరిదీ తీసుకుంటే అది ఖిమార్, అనగా జూదం.

అమెరికాలోనూ ఇదే ప్రశ్న

మన బోర్డుకు దూరపు బంధువు వంటి ఆట ఒకటి పాశ్చాత్య దేశాలలో ఉంది. పేరు పిన్‌బాల్. వాలుగా అమర్చిన చెక్క పలక, పైన అద్దం, లోపల దొర్లే ఉక్కు బంతి. 1931లో డేవిడ్ గాట్లీబ్ అనే వ్యాపారి తెచ్చిన ‘బాఫిల్ బాల్’తో అది ఊరూరా వ్యాపించింది. బంతిని తిరిగి పైకి కొట్టే ఫ్లిప్పర్లు 1947లో వచ్చాయి. అంతకు ముందు బంతిని వదిలిన తరువాత ఆటగాడి చేతిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. పిల్లల చిల్లర డబ్బులు దోచే జూదమని భావించి న్యూయార్క్ నగరం 1942లో దానిని నిషేధించింది. మేయర్ లాగార్డియా కాలంలో ఆ యంత్రాలను సమ్మెటలతో పగులగొట్టారు. 1976లో రోజర్ షార్ప్ అనే యువకుడు నగర ప్రతినిధుల ఎదుట బంతి ఏ దారిన పోతుందో ముందే చెప్పి, అదే దారిన పంపి చూపించాడు. ఇది గురి గల ఆటేనని ఒప్పుకుని నిషేధం ఎత్తివేశారు.

గమనించవలసినది ఒకటుంది. అక్కడ అడిగిన ప్రశ్న ‘ఇది అదృష్టమా, నైపుణ్యమా’ అన్నంతవరకే. షరీఅత్ మరొక ప్రశ్న కూడా అడుగుతుంది: ‘ఎవరి సొమ్ము ఎవరి జేబులోకి పోతున్నది?’ ఎంత నైపుణ్యం గల ఆటైనా ఇరువైపులా పందెం చేరితే జూదమే. మన తెలంగాణ ప్రభుత్వం కూడా 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు ఒడ్డి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలకు ‘నైపుణ్యం’ అనే సాకు చెల్లకుండా చేసింది. 2025లో కేంద్రం చేసిన చట్టం దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. కాబట్టి పిల్లల ఫోన్లలో డబ్బు కట్టించుకునే క్యారమ్ ఆటలేమైనా ఉన్నాయేమో తల్లిదండ్రులు నేడే చూడాలి.

అట్టపెట్టె విప్పిన రోజు

అయిదవ రోజున మేము ఆ బాలుడిని పిలిపించాము. తలవంచుకుని వచ్చాడు. ‘నీకు ఈ ఆట బాగా తెలుసు గదా, ఈ బోర్డు ఎలా ఉందో చూసి చెప్పు’ అన్నాము. చాలాసేపు మా ముఖంలోకి చూశాడు. మేము పరిహాసం చేయడం లేదని తెలిసిన తరువాత బోర్డును నేలపై పరచి, దానికి కళ్లు ఆనించి చూశాడు. ‘ఉస్తాద్, నడుమ కొంచెం దిగింది’ అన్నాడు.

ఆ మాట నిజమా కాదా తేల్చడానికి ముగ్గురు పెద్దలు చేరారు. ఎల్లారెడ్డి నుండి వచ్చే ఒక వడ్రంగి సోదరుడు, యవ్వనంలో కామారెడ్డిలో పోటీలు ఆడిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బోర్డు ఇచ్చిన సోదరుడు. ఆ సాయంత్రం వారి నోట విన్నవి ఇంటింటికీ పనికివచ్చేవి.

వడ్రంగి సోదరుడు బోర్డును తిరగేశారు. రోగం పైన కాదు, కింద చూడాలన్నారు. పలక పలుచనై, కింద ఆధారపు పట్టీలు సరిగా లేకపోతే ఒక్క వానాకాలానికే నడుమ దిగుతుంది. పొడవైన స్కేలును అంచుపై నిలబెట్టి, దాని కింద నుండి వెలుతురు ఎక్కడ కనబడుతున్నదో చూస్తే వంపు తెలిసిపోతుంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఆట పలక 74 సెంటీమీటర్ల చదరం, మందం కనీసం 8 మిల్లీమీటర్లు. స్ట్రైకరు బరువు 15 గ్రాములు మించరాదు. దానిని బలంగా కొడితే ఆ చివరకూ ఈ చివరకూ మూడున్నర సార్లు తిరగాలి. అంత నునుపు, అంత గట్టి చట్రం ఉండాలి. ఆయన మరొక పట్టీ బిగించి ఆ లోపాన్ని సరిచేశారు, కూలి తీసుకోలేదు.

విశ్రాంత ఉపాధ్యాయుని చర్చ అంతా పౌడరు పైనే. గురి తక్కువవాడే పౌడరు ఎక్కువ చల్లుతాడని నవ్వారు. చిటికెడు వేసి, మెత్తని పొడిబట్టతో పలకంతా పలుచగా పరచాలి. ఆట ముగిశాక పూర్తిగా తుడవాలి. లేకపోతే చెమ్మ పీల్చుకుని ఉండ కడుతుంది. తడిబట్ట తగలరాదు. తగిలితే పాలిష్ తెల్లబడుతుంది.

ఇక్కడ తల్లులకు మా వైపు నుండి ఒక హెచ్చరిక. చాలా ఇళ్లలో వాడేది బోరిక్ పౌడరు. చీమలకు, బొద్దింకలకు మందుగా వాడేది కూడా అదే. పాకే పిల్లలున్న ఇంట్లో ఆ డబ్బా అందేచోట ఉంచకూడదు. ఆడిన తరువాత చేతులు కడగకుండా అన్నం ముట్టనివ్వకూడదు. సన్నని పిండి పదార్థంతో చేసిన పౌడర్లూ దొరుకుతున్నాయి.

బోర్డును ఎలా దాచాలన్న దగ్గర వాదన లేచింది. మంచం కింద పరుపుగా ఉంచాలని ఖలీజ్ సోదరుడు, నేల చెమ్మ ఎక్కుతుంది గనుక గోడకు నిటారుగా బిగించాలని వడ్రంగి సోదరుడు. వాలుగా ఆనించి వదిలేస్తే మాత్రం వంగుతుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. పలకకు మైనం రాస్తే మెరుస్తుందని ఖలీజ్ సోదరుడు మరొక మాట అన్నారు. దుబాయిలో ఒక వినోదశాలలో పిన్‌బాల్ యంత్రాన్ని అలాగే శుభ్రం చేయడం ఆయన చూశారట. నిజమే, ఆ యంత్రాల ప్రియులు పలకకు మైనం పూస్తారు, అరిగిన రబ్బరు వలయాలు మారుస్తారు, గీతలు పడిన బంతి పలకను గరుకు కాగితంలా అరగదీస్తుందని దానినీ మారుస్తారు. కాని అక్కడ పౌడరు లేదు. మన పలకపై మైనం, పౌడరు కలిస్తే జిగురవుతుందని వడ్రంగి సోదరుడు తేల్చారు.

బాలుడు చివరగా మెల్లగా అన్నాడు: ‘కాయిన్లు కూడా తుడవాలి ఉస్తాద్. అంచు మురికి పట్టిన కాయిను తిన్నగా పోదు.’ పెద్దలు ముగ్గురూ తలలు ఊపారు. ఆ బోర్డు బాధ్యతను ఆ రోజే అతనికి అప్పగించాము.

ఒక కప్పు చాయ్

కొద్ది వారాలకు అతడే మమ్మల్ని ఒక మసలా అడిగాడు. ‘ఓడినవాడు చాయ్ తాగించాలి అనుకుని ఆడితే తప్పా?’ చుట్టూ ఉన్నవారు నవ్వారు. మేము నవ్వలేదు. ఎందుకంటే నాలుగు వేల రూపాయలు పోయిన దారి పది రూపాయల చాయ్ దగ్గరే మొదలైంది.

ముందుగా షరతు పెట్టుకుని, ఓడినవాడి సొమ్ముతో గెలిచినవాడు తాగితే అది పందెమే. చాయ్ అయినా, ఆట గది అద్దె అయినా అంతే. ఎవరి చాయ్‌కి వారు డబ్బు ఇచ్చుకోండి, లేదా అద్దెను సమానంగా పంచుకోండి. ఆటతో సంబంధం లేకుండా ఒకరు ప్రేమతో తాగిస్తే అది ఆతిథ్యం, అందులో పుణ్యం కూడా ఉంది. ఆటగాళ్ల నుండి ప్రవేశ రుసుము వసూలు చేసి, అదే సొమ్మును బహుమతిగా పంచే పోటీలకు వెళ్లకండి. ఇదే మేము చెప్పిన సమాధానం.

సక్రమంగా ఆడినవారికి ఈ ఆటలో గౌరవం కూడా ఉంది. మన హైదరాబాదుకు చెందిన ఎస్. అపూర్వ 2016లో బర్మింగ్‌హామ్‌లో మహిళల ప్రపంచ విజేతగా నిలిచారు. చెన్నైలో ఆటో నడిపే ఒక తండ్రి కుమార్తె కాజిమా 2024 నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్‌లో మూడు బంగారు పతకాలు గెలిచింది. ప్రతి బిడ్డా పతకాలు తేవాలని కాదు మా ఉద్దేశం. బీద ఇంటి బిడ్డ ఓపిక కూడా ఒక సంపదే అని చెప్పడానికి మాత్రమే.

ఇప్పుడు మా మదరసాలో నియమాలు కొన్నే. అసర్ తరువాతనే ఆట. ఒక్కొక్కరికి రెండు బోర్డులు మించి లేవు. తిట్టు నోట వస్తే ఆ రోజుకు ఆట బంద్. అజాన్ వినబడగానే, రెడ్ పడి ఫాలో మిగిలి ఉన్నా సరే, స్ట్రైకరు వదిలేయాలి. అన్నిటికంటే కష్టమైన నియమం ఈ చివరిదే, పెద్దలకు కూడా.

ఆ బాలుడు మెకానిక్ షెడ్డులో పని చేసి నెలనెలా తల్లి డబ్బాలో కొంత వేస్తున్నాడు. నాలుగు వేలు ఇంకా నిండలేదు. షెడ్డు దారి అతడు పూర్తిగా మరిచాడని మేము ప్రమాణం చేయలేము; హృదయాలు అల్లాహ్ చేతిలో ఉన్నాయి. కాని ప్రతి సాయంత్రం మగ్రిబ్‌కు ముందు అతడు పలక తుడిచి, కాయిన్లు లెక్కపెట్టి, పందొమ్మిదీ సంచిలో వేసి, వుజూకు లేస్తాడు. మేము అతని పక్కనే వుజూ చేసుకుంటాము.

తల్లిదండ్రులారా, మీ ఇంటి అటకపై బోర్డు ఉంటే దించండి. మీరూ కూర్చుని ఒక ఆట ఆడండి. బిడ్డ ఎవరితో ఆడుతున్నాడో, ఓడినప్పుడు ముఖం ఎలా మారుతున్నదో ఆ కాసేపట్లో మీకు తెలుస్తుంది. మన కాలాన్నీ, మన సొమ్మునూ, మన సంతానాన్నీ అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.