చాపాలతో దీర్ఘవృత్తం: క్యాడ్ రేఖాచిత్రణలో ఉజ్జాయింపు, దాని హద్దులు

కంప్యూటర్ ఆధారిత రూపకల్పనలో దీర్ఘవృత్తాన్ని గీయడం ఒక్క ఆదేశంతో ముగిసే పని. చిక్కంతా ఆ తరువాతే మొదలవుతుంది. దీర్ఘవృత్తానికి 5 మి.మీ. సమదూరంలో గీసిన వక్రం మరొక దీర్ఘవృత్తం కాదు. అది ఎనిమిదవ ఘాతపు బీజీయ వక్రంలో భాగం. వృత్తచాపానికి సమదూర వక్రం మాత్రం చాపమే. వ్యాసార్ధం ఒక్కటే మారుతుంది. పైగా సీఎన్‌సీ యంత్రాలకు చాపాన్ని చెక్కడానికి జి02, జి03 అనే నేరు ఆదేశాలున్నాయి. దీర్ఘవృత్తానికి సాధారణంగా అటువంటిది లేదు. ఆటోక్యాడ్ సైతం 13వ విడుదలకు పూర్వం దీర్ఘవృత్తాన్ని చాపాల పాలీలైన్‌గానే గీసేది. పెలిప్స్ చరరాశికి 1 విలువనిస్తే నేటికీ ఆ పాత రూపమే లభిస్తుంది.

అర్ధాక్షాలు 50, 30 మి.మీ.గా గల దీర్ఘవృత్తాన్ని పరిశీలించవచ్చు. దీర్ఘాక్షపు కొనవద్ద దాని వక్రతా వ్యాసార్ధం 30 వర్గాన్ని 50తో భాగించగా వచ్చే 18 మి.మీ.; హ్రస్వాక్షపు కొనవద్ద 50 వర్గాన్ని 30తో భాగించగా వచ్చే సుమారు 83.3 మి.మీ. ఈ రెండు వ్యాసార్ధాలతోనే నాలుగు చాపాలు గీసి కలిపితే చాలుననిపిస్తుంది. కాని అవి కలవవు. రెండు చాపాలు ఉమ్మడి స్పర్శరేఖతో నునుపుగా కలవాలంటే వాటి కేంద్రాల మధ్య దూరం వ్యాసార్ధాల భేదానికి సమానం కావాలి. ఇక్కడ భేదం 65.3 కాగా, కేంద్రాల దూరం 62.2 మాత్రమే. కనుక ఒక వ్యాసార్ధాన్ని ఎంచుకొని రెండవదానిని ఈ నియమం నుండి రాబట్టుకోవాలి. చిన్నదాన్ని 20గా తీసుకుంటే పెద్దది సరిగ్గా 70 అవుతుంది. మూలబిందువు నుండి కేంద్రాలు 30, 40 మి.మీ. దూరాల్లో, పరస్పర లంబాలైన అక్షాలపై ఉంటాయి. వాటి మధ్య దూరం 50, అదే 70, 20ల భేదం. బోధనకు ఇంత అనువైన ఉదాహరణ అరుదు.

దోషం ఎంత? చిన్న చాపం అసలు వక్రానికి దాదాపు 0.16 మి.మీ. వెలుపలికి పోతుంది, పెద్ద చాపం గరిష్ఠంగా 0.7 మి.మీ. లోపలికి కుంగుతుంది. అలంకరణ ఫలకానికి ఇది లెక్కలోనిది కాదు, బిగుతుగా అమరవలసిన మూతకు చెల్లదు. 18, 83.3లతో పాటు వాటి గుణమధ్యమమైన 38.7 వ్యాసార్ధాన్ని నడుమ చేర్చి ఎనిమిది చాపాలతో గీస్తే గరిష్ఠ దోషం సుమారు 0.32 మి.మీ.కు, అంటే సగంకన్నా తక్కువకు దిగుతుంది.

అయితే చాపాల సంఖ్య ఎంత పెంచినా వక్రతలోని తెంపు పూర్తిగా పోదు. నాలుగు చాపాల రూపంలో సంధి బిందువువద్ద వ్యాసార్ధం 20 నుండి ఒక్కసారిగా 70కి దూకుతుంది. స్థిరవేగంతో సాగే కోత పనిముట్టుకు అభికేంద్ర త్వరణం ఆ బిందువువద్దనే మూడున్నర రెట్లు మారుతుంది. అంతకన్నా మోసకరమైనది లోపలి కోత. 19 మి.మీ. వ్యాసార్ధపు పనిముట్టు ఉజ్జాయింపు రూపంలో ఇమిడిపోతుంది. నిజమైన దీర్ఘవృత్తపు కొనలో, అక్కడి వ్యాసార్ధం 18 మాత్రమే గనుక, ఇమడదు. తెరమీది చిత్రంలో ఈ భేదం కంటికి ఆనదు.