వైద్యుడు స్త్రీల నడుగవలసిన ప్రశ్న

మద్యపాన మనగానే మన మనస్సున మెదలువాడు పురుషుడే. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై లేచిన స్త్రీలు త్రాగుబోతుల యిల్లాండ్ర దుఃఖమును లోకమునకు చాటిరి. కాని స్త్రీయు త్రాగవచ్చునను మాట మన నోట వెడలదు. విరాటపర్వమున సుదేష్ణ సైరంధ్రిని కీచకుని యింటికి బంపినది మద్యము తెచ్చు నెపముననే గదా! రాణి మద్యము కోరుట యచ్చట నెవరికిని వింతగా దోచలేదు. నేడు మాత్రము సిగ్గు అడ్డువచ్చును. రోగిణి చెప్పదు, వైద్యుడడుగడు.

ఈ మౌనమువలన స్త్రీకే హెచ్చు కీడు. ఆమె శరీరమున నీటిపాలు తక్కువ. కావున పురుషునితో సమానముగా త్రాగినను ఆమె రక్తమున మద్యసార మెక్కువగా నుండును. కాలేయము త్వరగా చెడును. గర్భవతి త్రాగినది మావి ద్వారా శిశువునకు చేరును. అమెరికాలోని సియాటిల్ వైద్యులు 1973లో ఇట్టి శిశువుల లక్షణములను వర్ణించి దానినొక ప్రత్యేక వ్యాధిగా పేర్కొనిరి. నిద్రపట్టదని వచ్చినామెను త్రాగుడు సంగతి యడుగక నిద్రమాత్ర లిచ్చి పంపిన, మద్యముతో గూడి యా మందే ప్రాణాపాయము కావచ్చును.

ఇందులకై వైద్యులు చిన్న ప్రశ్నావళులు కల్పించిరి. డాక్టర్ జాన్ యూయింగ్ 1984లో ప్రకటించిన ‘కేజ్’లో ప్రశ్నలు నాలుగే. త్రాగుడు తగ్గింపవలెనని యెప్పుడైన దోచెనా? ఇతరు లాక్షేపింపగా విసుగు కలిగెనా? త్రాగినందుకు తప్పుచేసితినని కుందితిరా? ప్రొద్దున లేచుటతోడనే త్రాగవలసివచ్చెనా? అయితే స్త్రీల విషయమున నీ జల్లెడ కన్నులు పెద్దవని తేలినది. గుట్టుగా త్రాగునామె నాక్షేపించువా రెవరు? 1989లో డాక్టర్ సొకోల్ ప్రభృతులు గర్భిణుల కొఱకు ‘టి-ఏస్’ను కూర్చిరి. అందు తప్పును గూర్చిన ప్రశ్నను తొలగించి, మత్తెక్కుట కెంత త్రాగవలయునని యడిగిరి. నింద లేని ప్రశ్నకు నిజము సులభముగా వచ్చును. 1998లో వెలువడిన ‘ఆడిట్-సి’ మూడు ప్రశ్నలది: ఎన్నిమారులు, ఎంత, ఒక్కమాటున ఆఱు పాత్రలు గాని యంతకు మించి గాని త్రాగుట యెంత తఱచు? మొత్తము 12 మార్కులలో పురుషునికి 4 వచ్చిన శంకింతురు. స్త్రీకి 3 చాలును. 18 ఏండ్లు నిండినవారినెల్ల, గర్భిణులతో సహా, సాధారణ వైద్యులే యిట్లు విచారింపవలెనని అమెరికా నివారణ సేవల కార్యసంఘము 2018లో సిఫారసు చేసినది.

మార్కు వచ్చినంతమాత్రమున రోగము నిర్ణయమైనట్లు కాదు. మఱింత విచారింపవలెనని మాత్రమే దాని యర్థము. ఆ ప్రశ్న యేకాంతమున, భర్తయు అత్తయు చెంత లేనప్పు డడుగవలెను. అందఱి నడిగినచో నెవరికిని అవమానము లేదు. చిరకాలము మిక్కిలిగా త్రాగినవా రొక్కసారిగా మానుటయు ప్రమాదమే. వైద్యుని కనిపెట్టు వలయును.

సోదరీమణులారా! మన బంధువులలో నొక యామె కిట్టి కష్టము కలిగెనేని, “ఆడుది త్రాగుటయా!” యని ముక్కుపై వ్రేలిడకుందము. ఆమెను వైద్యునియొద్దకు తోడ్కొనిపోయి, తాను వెలుపల కూర్చుండు చెలికత్తె యామెకు గావలెనని మేము తలంచుచున్నాము.