అసలును మింగే వడ్డీకి హద్దు గీసిన హోసూరు బిడ్డ

పాపపు సొమ్ము నిలవదని శాస్త్రాలు చెప్పాయి. దాన్ని నిలవనివ్వకుండా రాజాజీ చట్టం తెచ్చారు.

‘పాపిష్టి సొమ్ము ప్రాయశ్చిత్తానికే సరి’ అంటారు పెద్దలు. హోసూరు, కృష్ణగిరి మెట్టపొలాల్లో ఆ మాట బాగా తెలిసింది అప్పుపడ్డ రైతుకే. రాగి విత్తనానికి తెచ్చిన బాకీ వాన తప్పిన ఏడు వడ్డీతో పెరుగుతుంది. రెండేళ్లు తప్పితే చేనునే అడుగుతుంది. చేను పోయిన మనిషి పైకి చూసి ‘దేవుడున్నాడు’ అంటాడు.

శాస్త్రం ఏమంటోంది?

అధర్మం వెంటనే ఫలించదు అంటుంది మనుస్మృతి. మెల్లగా తిరిగొచ్చి, చేసినవాణ్ని మొదలంటా నరుకుతుంది. వాడికి తగలకపోతే కొడుకులకు, వాళ్లకూ తగలకపోతే మనవలకు తగులుతుంది. భారతంలో పాచికలతో కొట్టేసిన రాజ్యాన్ని పాండవుల అరణ్య, అజ్ఞాతవాసాల 13 ఏళ్లూ దుర్యోధనుడు అనుభవించాడు. తర్వాత తమ్ముళ్లతో సహా కురుక్షేత్రంలో కూలాడు.

అయితే మనుస్మృతి ఆ శిక్ష పడేదాకా ఆగమనలేదు. అసలూ వడ్డీ కలిపి ఒకేసారి రాబట్టేది రెండింతలు దాటకూడదని హద్దు పెట్టింది. ‘దామ్‌దుపట్’ అనే న్యాయసూత్రం ఇదే.

తొరపల్లి నుంచి చట్టసభకు

హోసూరు దగ్గరి తొరపల్లిలో గ్రామ మునసబు ఇంట 1878 డిసెంబరు 10న చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ) పుట్టారు. 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. మరుసటి ఏడే రైతు రుణ విమోచన చట్టం తెచ్చారు. 1932 అక్టోబరుకు ముందు చేసిన రైతు అప్పుల మీద, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. అప్పటికే అసలుకు రెండింతలు కట్టినవాళ్లకు బాకీయే తీరిపోయింది. శాస్త్రంలోని హద్దు రైతుకు రక్షణ అయింది.

సర్కారు సొమ్మునూ ఆయన అదే తక్కెడలో తూచారు. అదే 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. హోసూరు, కృష్ణగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. 1938లో చిత్తూరు, కడపలకూ దాన్ని విస్తరించారు. తాగుబోతు ఇంటి కన్నీళ్లతో నిండే ఖజానా వద్దనుకుని, ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను వేశారు. మహాభారతాన్ని తమిళంలో, ఇంగ్లిషులో జనానికి మళ్లీ చెప్పింది ఆ తర్వాతే.

ఇప్పుడు మన వంతు

కందువడ్డీ, మీటరు వడ్డీ, రోజువారీ వడ్డీ వంటి అధిక వడ్డీలను తమిళనాడు 2003లో చట్టం చేసి నిషేధించింది. దైవన్యాయం మనవల తరందాకా ఆగగలదు. ఆకలితో ఉన్న ఇల్లు ఆగలేదు. అందుకే శాస్త్రం హద్దు చెప్పింది, రాజాజీ దాన్ని అమలు చేశారు.

మీ బీరువాలో ఎవరిదైనా ప్రామిసరీ నోటు ఉంటే ఈ ఆదివారమే తీసి చూడండి. మీకు ముట్టింది అసలుకు రెండింతలైతే, ఆ కాగితాన్ని రాసిచ్చిన మనిషికే తిరిగి ఇచ్చేయండి. మీ పిల్లలకు మిగిల్చే ఆస్తిలో అంతకంటే శుభ్రమైనది ఉండదు.