ఇర్సె: ఒక స్పానిషు క్రియ వంశవృత్తాంతము

స్పానిషు భాషను నేర్వ నారంభించిన తెలుగువారికి మొదటి కొన్ని వారములు మిక్కిలి సుఖముగా గడచును. తకార దకారములను మనవలెనే నాలుక దంతములకు తాకించి పలుకుట, రేఫమును స్ఫుటముగా ఉచ్చరించుట, వ్రాసినదానిని దాదాపుగా వ్రాసినట్లే చదువుట, పదములు తరచుగా అచ్చులతో ముగియుట మొదలగు గుణములచేత, ఇంగ్లీషు వర్ణక్రమముతో బాల్యమెల్ల పెనగులాడిన మనకు ఆ భాష చుట్టరికము కలదానివలె తోచును. ఈ సౌఖ్యము క్రియాప్రకరణము వచ్చువరకే. అందును ఒకే క్రియ క్రమరహితమును ఆత్మార్థకమును అయి రెండు చిక్కులను ఒక్కుమ్మడిగా తెచ్చిపెట్టినప్పుడు, అంతవరకు ఉత్సాహముతో చదివినవారు సైతము పట్టికను కంఠస్థము చేయుట తప్ప గత్యంతరము లేదని నిశ్చయించి, అర్థము చేసికొను యత్నమునే మానుకొందురు. ఆ నిశ్చయము తొందరపాటని నా అభిప్రాయము.

అట్టి క్రియలలో అగ్రగణ్యమైనది ‘ఇర్సె’. ‘ఇర్’ అనగా వెళ్ళుట. ‘సె’ అనునది ఆత్మార్థక సర్వనామము. రెండును కలిసినచో వెళ్ళిపోవుట. వర్తమానకాలమున దీని రూపములు ఇట్లుండును: ‘మె బోయ్’ అనగా నేను వెళ్ళిపోవుచున్నాను, నీవు అనునప్పుడు ‘తె బాస్’, అతడైనను ఆమెయైనను ‘సె బా’, మేమైనను మనమైనను ‘నోస్ బామొస్’, మీరనునప్పుడు ‘ఓస్ బాయిస్’, వారనునప్పుడు ‘సె బాన్’. వకారమునకు సరియగు అక్షరముతో వ్రాసి దానిని బకారమునకు దగ్గరగా పలుకుట ఆ భాషా సంప్రదాయము. శ్రద్ధగల విద్యార్థికి ఇచ్చట రెండు ప్రశ్నలు పుట్టవలెను. ‘ఇర్’ అను మాటలో జాడయైనను లేని బకారము ఈ ఆరు రూపములలోనికి ఎచ్చటనుండి వచ్చినది? వెళ్ళువాడు తన్ను తాను వెళ్ళించుకొనడు గదా, ‘తన్ను’ అను అర్థముగల సర్వనామమునకు ఇచ్చట ఏమి పని?

రెండవ ప్రశ్ననే ముందు విచారింతము. ‘అకొస్తార్’ అనగా పరుండబెట్టుట. ‘అకొస్తార్సె’ అనగా పడుకొనుట. తల్లి బిడ్డను పరుండబెట్టునప్పుడు మొదటిది; తానే మేను వాల్చునప్పుడు, క్రియాఫలము తననే చేరుటచేత, రెండవది. అట్లే ‘లబార్’ కడుగుట, ‘లబార్సె’ కడుగుకొనుట. ‘పెయినార్’ తల దువ్వుట, ‘పెయినార్సె’ దువ్వుకొనుట. ఇంగ్లీషు మాధ్యమమున స్పానిషు నేర్చువారు ఈ భేదమును గ్రహించుటకు ప్రయాసపడుదురు గాని, తెలుగున కొనుధాతువు సరిగా ఈ పనినే చేయుచుండుటచేత మనకు వివరణమే అక్కరలేదు. సంస్కృతము నెరిగినవారికి పాణిని చేసిన విభాగము కూడ జ్ఞప్తికి వచ్చును: ఋత్విజుడు ఇతరుల కొరకు యాగము చేసిన ‘యజతి’ యని పరస్మైపదము, యజమానుడు ఫలము తనకే చెందునట్లు చేసికొన్న ‘యజతే’ యని ఆత్మనేపదము. ఒకే భావమును సంస్కృతము క్రియాంతమున ప్రత్యయభేదముచేతను, తెలుగు ఒక సహాయక ధాతువుచేతను, స్పానిషు ఒక చిన్న సర్వనామముచేతను వ్యక్తము చేయుచున్నవి. అంతేకాదు, ఆ సర్వనామములు మనకు పరాయివి కావు. ‘మె, తె, సె, నోస్, ఓస్’ అను ఐదింటిని సంస్కృతములోని ‘మా, త్వా, స్వ, నః, వః’ అనువాని ప్రక్కన నిలిపి చూచినచో ఒకే ప్రాచీన కుటుంబపు ముఖచ్ఛాయ అన్నింటను కానవచ్చును. ‘ఓస్’ కూడ పూర్వము ‘వోస్’ గా ఉండి తరువాత మొదటి హల్లును పోగొట్టుకొన్నది.

అయినను ‘ఇర్సె’ ఈ కొనుధాతు న్యాయమునకు లోబడదు. వెళ్ళుట యందు ఫలము తనకు చేరుట, పరులకు చేరుట అను వివక్ష లేదు. ఇట్టి క్రియలు స్పానిషున మరికొన్ని కలవు: ‘కయేర్’ పడుట, ‘కయేర్సె’ పడిపోవుట, ‘మొరీర్’ మరణించుట, ‘మొరీర్సె’ చచ్చిపోవుట, ‘దొర్మీర్’ నిద్రించుట, ‘దొర్మీర్సె’ నిద్రలోనికి జారుట, ‘ఒల్బిదార్సె’ మరచిపోవుట. ఈ అర్థములను తెలుగున చెప్పబూనినంతనే పోవుధాతువు పిలువకయే వచ్చి చేరుచుండుట చదువరులు గమనించియే యుందురు. కొనుధాతువు ఫలము కర్తను చేరుటను తెలుపగా, పోవుధాతువు ఒక స్థితినుండి మరియొక స్థితికి కర్త దాటిపోవుటను, ఆ దాటుట పూర్తియగుటను తెలుపును. స్పానిషువారు ఈ రెండు పనులను ఒక్క ‘సె’ చేతనే నెరవేర్చుకొనుచున్నారు. అందుచేతనే ‘ఇర్’ అన్నచో ఎచ్చటికి అను ఆకాంక్ష మిగిలియుండును. ‘ఇర్సె’ అన్నచో ఉన్నచోటును విడుచుటయే ప్రధానమై, గమ్యము చెప్పకున్నను వాక్యము నిండును. రాత్రివేళ వీధిదీపములు ఆరినప్పుడు మనవారు కరెంటు పోయినదందురు. మెక్సికోలోను అదే సందర్భమున ‘సె ఫ్వె లా లూస్’, వెలుతురు వెళ్ళిపోయినది, అనుట పరిపాటి. ‘సె’ ను ఎల్లచోట్ల ‘తన్ను తాను’ అని వివరించు ఇంగ్లీషు వాచకములకంటె, మన కొను, పోవు ధాతువులే ఈ ప్రకరణమున నమ్మదగిన గురువులు.

ఇక మొదటి ప్రశ్న. క్రమరాహిత్యము ఒకే జాతి కాదు. అందు సౌమ్యమైనది ఒకటి, ఉగ్రమైనది ఒకటి కలవు. సౌమ్యమైనదానికి ‘అకొస్తార్సె’ యే ఉదాహరణము: ‘మె అక్వెస్తొ, తె అక్వెస్తస్, సె అక్వెస్త, నోస్ అకొస్తామొస్, ఓస్ అకొస్తాయిస్, సె అక్వెస్తన్’. నాలుగు రూపములలో ఒకారము ‘వె’ యైనది. మేము, మీరు అను రెండింట మాత్రము మారలేదు. పాశ్చాత్య దేశములలోని ఉపాధ్యాయులు పట్టికలో ఆ నాలుగింటి చుట్టును గీత గీచి, అది బూటు ఆకారమున ఉన్నదని చూపి విద్యార్థులచేత గుర్తుంచుకొనజేయుదురు; జ్ఞాపకమునకు అది ఉపకరించును గాని కారణమును చెప్పదు. కారణము ఉచ్చారణలోని ఊనికయందున్నది. లాటినుభాష స్పెయినుదేశమున మార్పు చెందుచున్న శతాబ్దములలో, పూర్వము హ్రస్వములైన ఒకార ఎకారములు ఊనిక తమపై పడినచోట సాగి ‘వె’, ‘ఇయె’ అను సంధ్యక్షరములుగా చీలినవి. ఊనిక లేనిచోట యథాతథముగా నిలిచినవి. నాలుగు రూపములలో ఊనిక ధాతువుపై పడును. మేము, మీరు అను రెండింట అది ప్రత్యయముపైకి జరుగును. కావున ఇది నియమోల్లంఘనము కాదు, ఏమాత్రము పక్షపాతము లేక అమలైన ధ్వనినియమము యొక్క ఫలితము. ఈ క్రియకు మూలమైన ‘కొస్తా’ అను లాటిను పదమునకు ప్రక్కటెముక యని అర్థము. ఒక ప్రక్కకు ఒరుగుటయే పరుండుట యైనది.

‘ఇర్సె’ కథ ఇట్టిది కాదు. ఇది ధ్వని మారుటచేత వచ్చిన భేదము కాక, మూడు వేర్వేరు ధాతువులు ఒకే పట్టికలో చేరుటచేత వచ్చినది. లాటినున వెళ్ళుటకు ‘ఈరె’ అను క్రియ యుండెను. దానిలోని ధాతువు సంస్కృతములోని ‘ఏతి’ యందున్న ఇధాతువే. మేము వెళ్ళుదుము అనుటకు సంస్కృతమున ‘ఇమః’, లాటినున ‘ఈముస్’ అనిన చాలును, బంధుత్వము వేరుగ నిరూపింప నక్కరలేదు. కాని ఆ లాటినుక్రియ అతి కృశమైనది: ‘ఎఓ, ఈస్, ఇత్’ అని నేను, నీవు, అతడు అను మూడింటికి ఒకటి రెండచ్చుల రూపములే. కాలక్రమమున పదాంత హల్లులు లుప్తములగుచు, అచ్చులు ఒకదానితో నొకటి కలిసిపోవుచు నుండగా, ఇంత చిన్న మాటలు వాక్యప్రవాహమున చెవికి అందకుండపోయినవి. అప్పుడు జనులు, వడిగా నడచుట అను అర్థముగల ‘వాదెరె’ అను దృఢమైన క్రియను తెచ్చి వర్తమానకాలమున నిలిపిరి. బోయ్, బాస్, బా మున్నగునవి దాని సంతానము. పాత ధాతువు పూర్తిగా నశింపలేదు. తనకు ప్రత్యయబలము చాలినంత కలిగిన స్థలములలో అది నేటికిని జీవించియున్నది: వెళ్ళుచుండెడివాడను అనుటకు ‘మె ఈబ’ యను రూపము లాటినులోని ‘ఈబం’ యొక్క వారసము, వెళ్ళిపోయెదను అనుటకు ‘మె ఇరే’ అనునది, ‘ఈరె’ కు కలిగియుండుట అను అర్థముగల క్రియను జోడించి కట్టిన భవిష్యద్రూపము. ‘ఇర్’ అను తుమర్థక రూపమునందు ప్రత్యయమును తొలగించినచో ధాతువనదగినది ఏమియు మిగులదు. ప్రత్యయమే క్రియయై నిలిచిన ఈ వింతను వైయాకరణులు నిబ్బరముగా పట్టికలో చేర్చుకొనిరి.

మూడవ ధాతువు మరింత విచిత్రమైనది. వెళ్ళిపోయితిని అనుటకు ‘మె ఫుయ్’, వెళ్ళిపోయితివి ‘తె ఫుయిస్తె’, వెళ్ళిపోయెను ‘సె ఫ్వె’, తక్కిన మూడు ‘నోస్ ఫుయిమొస్, ఓస్ ఫుయిస్తెయిస్, సె ఫ్వెరొన్’. ఈ రూపములు వెళ్ళుట అను క్రియవి కానే కావు. ఉండుట అను అర్థముగల ‘సేర్’ యొక్క భూతకాల రూపములు. వాని వెనుకనున్న లాటిను ‘ఫుయీ’ సంస్కృత భూధాతువునకు బంధువు. కావున ‘ఫుయ్’ అని విడిగా అన్నచో ఉంటిననియా, వెళ్ళితిననియా అను సంశయము కలుగును. సాధారణముగా సందర్భమే దానిని తీర్చును. ‘మె’ చేరినంతనే ఆ సంశయమునకు చోటులేదు: ‘మె ఫుయ్’ అనగా వెళ్ళిపోయితినని మాత్రమే. నేర్చుకొనువారు భారమనుకొన్న సర్వనామమే ఇచ్చట అర్థనిర్ణయమునకు ఆధారమైనది.

ఇట్లు అతుకుల బొంతవలె కుట్టిన క్రియ స్పానిషుకే ప్రత్యేకమని తలంపరాదు. ఫ్రెంచివారి ‘వే, అలోఁ, ఇరే’ యనువానియందు మూడు మూలములు కలవు. ఇంగ్లీషులో ‘గో’ అను క్రియకు భూతరూపమైన ‘వెంట్’ వాస్తవమునకు ‘వెండ్’ అను వేరొక క్రియ సొత్తు. పాణిని ఈ విషయమును అపవాదముగ దూషింపక, ఆదేశము అను పేరుతో శాస్త్రములో చేర్చెను: లుఙ్ అను భూతకాలమున ఇధాతువునకు గా ఆదేశమై ‘అగాత్’ అగును, ఉండుట అను అర్థముగల అస్ ధాతువునకు కొన్ని స్థలములలో భూ ఆదేశమగును. స్పానిషు పట్టికను పాణిని చూచియున్న ఆశ్చర్యపడక, ఒక్క సూత్రముతో తేల్చియుండును. తెలుగున ‘వచ్చు’ క్రియకు ‘రాడు, రమ్ము, రావలెను’ అను రూపములుండుట చూచి ఇదియు అట్టిదే యనుకొనవచ్చును గాని, అది వేరు. తమిళములోని ‘వరు’ వంటి మూలరూపమున వర్ణములు తారుమారై ‘రా’ అయినదని ద్రావిడభాషా శాస్త్రజ్ఞులు చూపిరి. అనగా అది ‘అకొస్తార్సె’ జాతికి చెందిన ధ్వనివికారమే గాని ‘ఇర్సె’ జాతికి చెందిన ధాతుమిశ్రణము కాదు.

ఇంతటి చిక్కులను జనులు శతాబ్దములుగా ఏల సహించిరి? ఇట్టి క్రియలు ఏ భాషనైనను దినమునకు పెక్కుమార్లు నోట వచ్చు క్రియలే. స్పానిషుపిల్లలు మాటలు నేర్చు వయస్సున, నాకు తెలియును అనుటకు ‘సే’ అనవలసినచోట నియమానుసారముగ ‘సాబొ’ అందురు. పెద్దలు నవ్వి సరిదిద్దుదురు. అనగా శిశుబుద్ధి నియమమును వెదకుటలో లోపము చేయదు. కాని ‘సే’ ను గడియ గడియకు వినుచుండుటచేత కొలది కాలములో దానికే అలవడును. అరుదుగా వినబడు క్రియకు అట్టి రక్ష లేదు. దాని వికృతరూపములను ఒక తరము మరచెనా, తరువాతి తరము వానిని నియమములోనికి లాగికొనును. ఈ దృష్టితో చూచిన, క్రమరహిత క్రియ అను పేరే అన్యాయముగా తోచును. అది పాత శాసనములను ఇంకను పాటించుచున్న క్రియ.

సర్వనామము ఎచ్చట నిలువవలెనను విషయము త్వరగా చెప్పవచ్చును. కాలమును పురుషను తెలుపు క్రియకు అది ముందు వచ్చును. తుమర్థక శత్రర్థకములకును, చేయుమను విధికిని వెనుక అంటుకొనును. వలదను నిషేధమున మరల ముందునకు పోవును. వెళ్ళిపొమ్మనుటకు ‘బేతె’, వెళ్ళిపోవలదనుటకు ‘నో తె బాయస్’, వెళ్ళిపోవుచు అనుటకు ‘యేందొసె’. పోవుదము రండనుటకు ‘బామొస్’, ‘నోస్’ కలియగా నడుమ సకారము లోపించి ‘బామొనొస్’ అయినది.

విధ్యర్థక బహువచనమున మాత్రము పెద్ద వివాదము నడచినది. ‘ఓస్’ చేరునప్పుడు క్రియాంతమందలి దకారము లోపించుట స్పానిషున సామాన్యనియమము. పడుకొనుడనుటకు ‘అకొస్తాఓస్’ అనుట అందులకే. ‘ఇర్సె’ కు ఆ లోపము చేసినచో మిగులునది కొంచెమే గనుక శిష్టులు దకారమును నిలిపి ‘ఈదొస్’ అనిరి. స్పెయినుజనులకు అది గ్రంథపు కంపుకొట్టుటచేత చిరకాలముగా ‘ఈరొస్’ అనియే పలుకుచు వచ్చిరి. 1713లో స్థాపితమైన స్పానిషు రాయల్ అకాడమీ తుదకు 2017లో ‘ఈరొస్’ ను కూడ సాధువుగ అంగీకరించెను; ఆ వార్తను ముందుగా లోకమునకు తెలిపినవాడు సభ్యుడును నవలాకారుడును అగు అర్తూరో పేరెస్ రెవెర్తె. పత్రికలలో కోపతాపములు చెలరేగినవి. వ్యాకరణము పతనమైనదని వగచినవారికి అకాడమీ సమాధానము సరళమైనది: ఈ మినహాయింపు ఈ ఒక్క క్రియకే, తక్కిన క్రియలలో రేఫముతో పలుకుట నేటికిని తప్పే. ఆ తీర్పు సమంజసమైనదనియే నేననుకొందును.

అమెరికాఖండమందలి స్పానిషువారికి ఈ తగవుతో పనిలేదు. వారు ‘ఓస్’ గల రూపములనే విడిచి, అందరిని ‘ఉస్తేదెస్’ అను గౌరవపదముతో సంబోధించి ‘బాయన్సె’ అందురు. కావున మెక్సికో, పెరు, కొలంబియా దేశముల భాషను కోరి నేర్చువారు పట్టికలోని ఐదవ పంక్తిని నిశ్చింతగా వాయిదా వేయవచ్చును. స్పెయినుకు పోవువారు మాత్రము దానిని విడువరాదు. బ్యూనస్ ఎయిరిస్ నగరమునకు పోవువారు మరియొకటి తెలిసికొనవలెను: అచ్చట నీవు అనుటకు ‘బోస్’ వాడుదురు, ఆ సంబోధనమునకు తగిన విధిరూపము ‘ఇర్’ క్రియకు లేదు, కావున వెళ్ళిపొమ్మనుటకు నడచుట అను అర్థముగల ‘అందార్’ ను నాలుగవ ధాతువుగ తెచ్చుకొని ‘అందాతె’ అందురు.