పర్యావరణ పాఠం ఒక్క పేపరుతో సరా?

బీకాం కావచ్చు, బీఏ కావచ్చు, ఇంజనీరింగ్ కావచ్చు. డిగ్రీలో చేరిన విద్యార్థికి ఒక పేపరు తప్పనిసరిగా ఎదురవుతుంది. అదే పర్యావరణ అధ్యయనం. "ఇది పాసయితే చాలు, దీనితో ఉద్యోగం వచ్చేది లేదు" అన్న మాట కూడా పుస్తకంతోపాటే వారి చెవిన పడుతుంది. పరీక్షకు వారం ముందు గైడు కొని, పది ప్రశ్నలు బట్టీపట్టి గట్టెక్కినవారు మరునాడే ఆ పాఠాన్ని మరచిపోతారు. ఇందులో తప్పంతా పిల్లలదేనా? ఈ పేపరు ఎందుకు వచ్చిందో వారికి చెప్పినవారెవరు? తల్లిదండ్రులుగా మనమైనా ఎన్నడైనా తెలుసుకున్నామా?

పేపరు వెనుక కథ

ఇది ఎవరో అధికారికి తోచి పెట్టిన పేపరు కాదు. పర్యావరణ పరిరక్షణ ప్రభుత్వ బాధ్యత అనీ, ప్రతి పౌరుని విధి అనీ 1976లో 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో చేరింది. విధి ఉన్నదనే తెలియనివారు దానిని నెరవేర్చేదెలా? న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు ఈ లోటును సరిదిద్దే ఆదేశాలిచ్చింది. సినిమా హాళ్లలో స్లయిడ్లు వేయాలనీ, రేడియో, టీవీలలో కార్యక్రమాలు ప్రసారం చేయాలనీ చెప్పింది. బడులలో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలన్నది. కళాశాలల సంగతి చూడవలసిందిగా యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్‌కు (యూజీసీ) సూచించింది.

ఆదేశం వచ్చినంత త్వరగా ఆచరణ రాలేదు. పన్నెండేళ్లు గడిచాక, 2003లో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పవలసి వచ్చింది. అప్పటికి యూజీసీ అన్ని డిగ్రీ కోర్సులకూ వర్తించే ఆరు నెలల పాఠ్యప్రణాళికను సిద్ధం చేసింది. మొత్తం 50 పాఠాలు. వాటిలో 5 క్షేత్ర పర్యటనకు. నూరు మార్కులలో 75 పరీక్షకు, 25 క్షేత్ర పరిశీలనకు. 2020 జాతీయ విద్యావిధానం వచ్చాక, 2023లో యూజీసీ కొత్త మార్గదర్శకాలు వెలువరించింది. వాతావరణ మార్పు, వ్యర్థాల నిర్వహణ, జీవవైవిధ్యం, సుస్థిర అభివృద్ధి వంటి అంశాలు వాటిలో ఉన్నాయి.

సుస్థిర అభివృద్ధి అంటే బరువైన మాటగా తోస్తుంది. భావం మాత్రం తేలికే. మన అవసరాలు మనం తీర్చుకోవాలి గాని, మన బిడ్డల అవసరాలకు గండి కొట్టరాదు. ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో ప్రపంచానికి చెప్పిన మాట సారాంశం ఇదే. మన పెద్దలు దీనినే అమానత్ అనేవారు. చేతికి వచ్చిన సొమ్మును చెడకుండా తరువాతివారికి అప్పగించడమన్న మాట.

ఒక చెరువు, ఎన్నో శాస్త్రాలు

అయితే ఈ పాఠం ఒక్క పేపరులో ఇమిడేదేనా? 1977లో జార్జియా దేశపు తిబిలిసి నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు, పర్యావరణ విద్య అన్ని శాస్త్రాలనూ కలుపుకొని సాగాలని చెప్పింది. 1990లో ఫ్రాన్స్‌లోని తలువార్‌లో సమావేశమైన విశ్వవిద్యాలయాల అధిపతులు కూడా అదే దారిలో ఒక ప్రకటన చేశారు. దూరదేశాల మాటలు ఎందుకంటారా? మన గండిపేటనే చూద్దాం.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలాదిమంది మరణించారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఇది చరిత్ర విద్యార్థి పాఠం. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు ఎగువన జలాశయాల నిర్మాణం జరిగింది. 1920లో మూసీపై ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీపై హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపిన కట్టలే నగరం దాహాన్నీ తీర్చాయి. ఇది ఇంజనీరింగ్ విద్యార్థి పాఠం.

ఆ నీటిని కాపాడేందుకు 1996లో ప్రభుత్వం 111వ నంబరు జీవో తెచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకుండా నిషేధించింది. ఆ పరిధిలోనే ఒక నూనెల పరిశ్రమ స్థాపించబోగా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హాని జరగదని రుజువు చేయవలసిన భారం పరిశ్రమ పెట్టేవారిదేనని కోర్టు 1999లో చెప్పింది. 2000లో తుది తీర్పు మండలి పక్షాన వచ్చింది. ఇది న్యాయశాస్త్ర విద్యార్థి పాఠం.

1999 తీర్పులో ఇంకొక విశేషం ఉంది. ఆ తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు. రసాయనాల సంగతి తేల్చాలంటే న్యాయమూర్తులకు శాస్త్రవేత్తల తోడు కావాలని ఆ తీర్పులో వివరించారు. తరువాత లా కమిషన్ అధ్యక్షులుగా ఆయన 2003లో పర్యావరణ న్యాయస్థానాల కోసం 186వ నివేదిక సమర్పించారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. న్యాయమూర్తులతోపాటు నిపుణులు కూడా కూర్చుని అందులో తీర్పు చెబుతారు. దేశ అత్యున్నత న్యాయస్థానమే "నా శాస్త్రం ఒక్కటే చాలదు" అని గ్రహించినప్పుడు, మన కళాశాలలు శాస్త్రానికీ శాస్త్రానికీ మధ్య గోడలు కట్టుకుని కూర్చోవడం సబబా?

2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ నంబరు జీవో ఇచ్చి ఆ పాత ఆంక్షలను ఎత్తివేసింది. భూమి అమ్ముకోలేక నష్టపోయామన్న రైతుల బాధ ఒక వైపు, జలాశయాల భద్రత మరొక వైపు. ఈ రెంటినీ తూచవలసినది అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదివే విద్యార్థి కాదా?

జమాఖర్చులలో కనబడని ఖర్చు

కామర్స్ విద్యార్థికి ఇందులో పనేమిటని కొందరు అడుగుతారు. ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేయకుండా వాగులో వదిలితే యజమాని లెక్కలో ఖర్చు తగ్గుతుంది. ఆ ఖర్చు మాయం కాదు. దిగువన ఉన్న రైతు బావిలోకి, పాలిచ్చే గేదెలోకి, ఇంటిల్లిపాది మందుల చీటీలోకి చేరుతుంది. పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. నేడు సెబీ నిబంధనల ప్రకారం స్టాక్ మార్కెట్‌లోని మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు పర్యావరణ బాధ్యతలపై ఏటా నివేదిక ఇవ్వాలి. 2022-23 నుంచి ఇది తప్పనిసరి అయింది. ఆ నివేదిక రాసేదెవరు? తనిఖీ చేసేదెవరు? నేడు బీకాం చదువుతున్న మన పిల్లలే. కనుక "దీనితో ఉద్యోగం రాదు" అన్న మాట కూడా ఇక చెల్లదు.

మనం చేయవలసింది

క్షేత్ర పర్యటన పేరిట ఇంటర్నెట్ నుంచి దించుకున్న బొమ్మలు అతికించి ఇచ్చే ప్రాజెక్టులను మేము చాలా చూశాం. వాటికి మార్కులూ పడుతున్నాయి. ఇది పిల్లలకు మేలు చేసినట్టు కాదు. అధ్యాపకులు విద్యార్థులను దగ్గరి చెరువుకో, కూరగాయల మార్కెట్టుకో, చెత్త పోసే చోటికో తీసుకువెళ్లాలి. రసాయనశాస్త్రం చదివేవారు నీటిలో ప్రాణవాయువు ఎంత ఉందో పరీక్షించాలి. తెలుగు, ఉర్దూ సాహిత్యం చదివేవారు ఆ నీటిని గురించి వృద్ధుల జ్ఞాపకాలను సేకరించాలి. గణాంకశాస్త్రం చదివేవారు వీధిలో రోజుకు ఎంత చెత్త పోగవుతుందో లెక్క కట్టాలి. అందరూ ఒక గదిలో కూర్చుని తాము చూసినదానిని కలిపి చెప్పుకోవాలి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు, సంకల్పం ఉంటే చాలు.

తల్లిదండ్రులు చేయగలిగినది కూడా ఉంది. "ఎన్ని మార్కులు వచ్చాయి?" అని అడిగేచోట "మన ఇంటి మురుగునీరు ఎక్కడికి పోతోంది? తాగే నీరు ఎక్కడి నుంచి వస్తోంది?" అని ఒక్కసారి అడిగి చూడండి. జవాబు చెప్పగలిగితే ఆ పాఠం వంటబట్టినట్టే. చెప్పలేకపోతే పిల్లలతో కలిసి మనమూ వెతుకుదాం. ఆ నీళ్లు తాగేది మనమూ, మన తరువాత వారూ కదా!